తెగిన లిగమెంటు, జారిపోయే మోకాలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

మోకాలి అరుగుదల గురించి ఈ శీర్షికలో రాసిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం అరుగుదల గురించి కాక, లిగమెంటు, అంటే ఎముకనూ ఎముకనూ కలిపి పట్టి ఉంచే పట్టీ, తెగిపోవడం గురించే ఉన్నాయి. రాసినవారిలో సైనిక నియామకాలకు సాధన చేస్తున్న యువకులు, కబడ్డీ ఆడే విద్యార్థినులు, పొలం పనివారు, కొబ్బరి రైతులు ఉన్నారు. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తీసివేసి సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 21. మాది నరసన్నపేట దగ్గర పల్లె. సైన్యంలో చేరాలని రోజూ తెల్లవారుజామున పరుగు, దూకుడు సాధన చేస్తున్నాను. రెండు నెలల క్రితం తొమ్మిది అడుగుల గొయ్యి దూకి, కుడికాలి మీద దిగి పక్కకు తిరగబోతుంటే మోకాలిలో ‘టప్’ మని వినిపించింది. చీకటి పడేసరికి మోకాలు బాగా వాచిపోయింది. ఇంట్లోవాళ్లు నాటు వైద్యుడి దగ్గర కట్టు కట్టించారు. మూడు వారాలకు వాపు, నొప్పి పోయాయి. తిన్నగా నడిస్తే ఏ బాధా లేదు. పరుగులో మలుపు తిరిగితే మాత్రం మోకాలు జారిపోతోంది. ఎమ్మారైలో ఏసీఎల్ అనే లిగమెంటు పూర్తిగా తెగిందని వచ్చింది. ఒక డాక్టరు ఆపరేషన్ చేయాలన్నారు, మరొకరు ముందు వ్యాయామం చేయమన్నారు. కట్టుతో అతుక్కోదా? ఎవరి మాట వినాలి?

జవాబు: మీరు రాసిన మూడు సంగతులు, అంటే చప్పుడు వినిపించడం, కొద్ది గంటల్లోనే మోకాలు నిండుగా వాయడం, వాపు తగ్గాక మలుపులో జారిపోవడం, కలిపి చూస్తే ఎమ్మారై తీయకముందే ఏసీఎల్ తెగిందని చాలావరకు అనుమానించవచ్చు. లిగమెంటు తెగినప్పుడు దానిలోని చిన్న రక్తనాళాలు కూడా తెగి, కీలు లోపల రక్తం నిండుతుంది. అందుకే వాపు అంత వేగంగా వస్తుంది. మామూలు బెణుకు అయితే వాపు సాధారణంగా మరునాటికి గానీ తెలియదు.

మోకాలిలో తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ పట్టి ఉంచే ప్రధాన లిగమెంట్లు నాలుగు. లోపలి పక్క ఒకటి, బయటి పక్క ఒకటి ఉంటాయి. కీలు నడిమధ్యలో ఒకదానికొకటి అడ్డంగా మరో రెండు ఉంటాయి. ఆ రెండింటిలో ముందున్నది ఏసీఎల్. కింది ఎముక ముందుకు జరిగిపోకుండా ఆపడం, పాదం నేలకు ఆనుకొని ఉండగా శరీరం తిరిగినప్పుడు మోకాలు మెలిపడకుండా చూడడం దీని పని. గుంజకు కట్టిన పశువు తిన్నగా నిలబడినంతసేపు పలుపు వదులుగానే వేలాడుతుంది, అది పక్కకు లాగినప్పుడే బిగుసుకుంటుంది. ఏసీఎల్ సంగతీ అంతే. తిన్నటి నడకలో దానికి పెద్ద పని లేదు కనుక అది లేని లోటు మీకు తెలియడం లేదు, మలుపులో తెలుస్తోంది. ఇలాంటి గాయాల్లో ఎక్కువ భాగం ఎవరూ తగలకుండానే, దూకి దిగేటప్పుడో, పరుగు ఆపి ఒక్కసారిగా తిరిగేటప్పుడో జరుగుతాయి.

ఇక కట్టు సంగతి. విరిగిన ఎముక కట్టుతో అతుక్కోవడం అందరూ చూసినదే. విరిగిన చోట గడ్డకట్టిన రక్తం ఆధారంగానే క్రమంగా కొత్త ఎముక ఏర్పడుతుంది. ఏసీఎల్ మాత్రం కీలు లోపలి జిగట ద్రవంలో ఉంటుంది. ఆ ద్రవం రక్తాన్ని గడ్డకట్టి నిలవనివ్వదు, తెగిన కొనలు కూడా ఒకదానికొకటి దూరంగా ముడుచుకుపోతాయి. కొందరిలో తెగిన ఏసీఎల్ ఎమ్మారైలో మళ్లీ కలిసినట్టు కనిపించిన మాట నిజమే. కానీ ఫలానా మనిషిలో కలుస్తుందని ముందుగా చెప్పగల వీలు లేదు కనుక దాని మీద ఆశ పెట్టుకొని కూర్చోవడం మంచిది కాదు. మూడు వారాలకు మీకు నొప్పి పోవడం కట్టు గొప్పతనం కాదు, కీలులో నిండిన రక్తం ఇంకిపోవడం. కట్టు వల్ల జరిగిన నష్టం వేరే ఉంది. అది మీరు ఇంట్లోనే కొలుచుకోవచ్చు. రెండు కాళ్లూ చాపి కూర్చొని, మోకాలి చిప్ప పైఅంచు నుంచి పది సెంటీమీటర్లు పైకి గుర్తు పెట్టి, దర్జీ టేపుతో రెండు తొడల చుట్టుకొలతా చూడండి. దెబ్బ తగిలిన కాలి తొడ సన్నబడి ఉంటుంది. వాచిన మోకాలు తొడ ముందు కండరాన్ని సరిగా బిగుసుకోనివ్వదు. దానికి తోడు కాలు కదలకుండా కట్టి ఉంచితే ఆ కండరం వారాల్లోనే కరిగిపోతుంది. లిగమెంటు లేని మోకాలికి మిగిలిన ఆధారం ఆ కండరమే అయినప్పుడు, దాన్నే పోగొట్టుకోవడం రెండో గాయం లాంటిది.

మీకు సలహా చెప్పిన ఇద్దరు డాక్టర్ల మాటలు ఒకదానికొకటి విరుద్ధమని నేను అనుకోను. స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన 121 మంది యువతీ యువకులను రెండు జట్లు చేసి పరిశీలించిన అధ్యయనం ఒకటి 2010లో వెలువడింది. ఒక జట్టుకు తొందరగా ఆపరేషన్ చేసి వ్యాయామం చేయించారు. రెండో జట్టుకు ముందు వ్యాయామమే చేయించి, మోకాలు నిలవనివారికి మాత్రం తరువాత ఆపరేషన్ చేశారు. రెండేళ్ల తరువాత చూస్తే నొప్పిలో, పనితీరులో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐదేళ్లకు రెండో జట్టులో సుమారు సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, మిగిలిన సగానికి ఆ అవసరమే రాలేదు. ఏసీఎల్ తెగిన ప్రతివారినీ వెంటనే ఆపరేషన్ బల్ల ఎక్కించాలన్న మాట దీనితో నిలవదు. అలాగని ఎవరికీ ఆపరేషన్ అక్కరలేదన్న మాటా నిలవదు.

తేల్చవలసిన ప్రశ్న ఎమ్మారై కాగితం మీద లేదు, మీ మోకాలు జారుతోందా లేదా అన్నదే ఆ ప్రశ్న. జారిన ప్రతిసారీ తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య మెత్తగా ఉండే నెలవంక ఆకారపు పొర, అంటే మెనిస్కస్, నలిగిపోయే ప్రమాదం ఉంటుంది. లిగమెంటును మరో నరంతో (ఇక్కడ నరం అంటే నాడి కాదు, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు) తిరిగి నిర్మించవచ్చు కానీ చితికిన మెనిస్కస్‌ను మునుపటిలా చేయడం చాలాసార్లు సాధ్యం కాదు. కాబట్టి ఈ రోజు నుంచే పరుగు, దూకుడు మానండి. ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో కనీసం ఆరు నుంచి పన్నెండు వారాలు తొడ ముందు కండరం, వెనక కండరం, పిరుదు కండరం బలపడే వ్యాయామాలు చేయండి. అప్పటికీ జారుతూ ఉంటే, లేదా మీ బతుకుతెరువు దూకడం, మలుపు తిరగడం మీదే ఆధారపడి ఉంటే, ఆపరేషన్ చేయించుకోవడం సబబు. మీ విషయంలో చివరికి అదే అవసరం కావచ్చు. అప్పుడు కూడా ఈ వారాల వ్యాయామం వృథా పోదు. వాపు లేకుండా, కాలు పూర్తిగా చాచగలిగి, తొడ బలంగా ఉన్న స్థితిలో ఆపరేషన్‌కు వెళ్లినవారు తొందరగా కోలుకుంటారు. వాచి, బిగుసుకుపోయిన మోకాలికి ఆపరేషన్ చేస్తే అది అలాగే బిగుసుకుపోయే ప్రమాదం ఉంది.

ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాచడానికి రాకపోతే మెనిస్కస్ ముక్క అడ్డుపడి ఉండవచ్చు, ఆ స్థితిలో కొద్ది రోజుల్లోనే శస్త్రవైద్యుడికి చూపించాలి. మోకాలి కీలు పూర్తిగా తొలగిపోయినా, పాదం చల్లబడి పాలిపోయినా, మోకాలి వెనకనున్న పెద్ద ధమని దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు రోజులు కాదు, గంటలే లెక్క. శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రికో (రిమ్స్), విశాఖ కేజీహెచ్‌కో ఆలస్యం లేకుండా తీసుకువెళ్లాలి.

మీరు తిరిగి డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఆయన చేత్తో చేసే పరీక్షను గమనించండి. మోకాలిని కొద్దిగా వంచి, ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకొని, రెండో చేత్తో కింది కాలిని ముందుకు లాగుతారు. ఏసీఎల్ ఉన్న కాలు కొంచెం కదిలి టక్కున ఆగిపోతుంది. తెగిన కాలు ఆ ఆగడం లేకుండా మెత్తగా ముందుకు వస్తుంది. రెండు కాళ్లనూ పోల్చి చూసే ఈ పరీక్షకు ఎమ్మారైకి ఉన్నంత విలువ ఉంది. దాన్ని చేయకుండా కాగితం మాత్రమే చూసి ఆపరేషన్ తేదీ రాసిచ్చేవారి దగ్గర కొంచెం ఆలోచించండి. ఇక నియామకంలో వైద్య పరీక్ష నిబంధనలు వేరు. మోకాలికి ఆపరేషన్ జరిగినవారి విషయంలో అవి ఏం చెబుతున్నాయో సైనిక నియామక కార్యాలయంలోనే ముందుగా అడిగి తెలుసుకొని నిర్ణయం తీసుకోండి.

ప్రశ్న: మాది బొబ్బిలి ప్రాంతం. మా అమ్మకు 46 ఏళ్లు, కూలి పనికి వెళుతుంది. ఊడుపుల్లో దమ్ము చేసిన మడిలో పాదం దిగబడిపోయి, పక్కకు తూలి పడింది. మోకాలి లోపలి పక్క బాగా నొప్పి ఉంది. ఎమ్మారై రిపోర్టులో లోపలి పక్క లిగమెంటు రెండో స్థాయి చిరుగు, ఏసీఎల్‌లో కొంత చిరుగు, మెనిస్కస్‌లో అరుగుదల, ఇలా నాలుగైదు లోపాలు రాశారు. చూసి భయపడుతున్నాం. ఇన్నింటికీ ఆపరేషన్లు చేయించాలా?

జవాబు: భయపడవద్దు. పాదం బురదలో ఇరుక్కొని శరీరం పక్కకు వాలినప్పుడు ముందుగా దెబ్బతినేది లోపలి పక్క లిగమెంటే. అది కీలు బయట, రక్తప్రసారం బాగా ఉన్న చోట ఉంటుంది కనుక ఏసీఎల్‌లా కాకుండా తనంతట తాను అతుక్కుంటుంది. రెండో స్థాయి చిరుగుకు, అంటే పూర్తిగా తెగని చిరుగుకు, పక్కల ఇనుప పట్టీలు ఉండి మోకాలు మడవడానికి వీలైన బ్రేస్‌ను సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు వాడి, నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు నడిపిస్తూ, మొదటి వారం నుంచే వ్యాయామాలు చేయిస్తే చాలు. పిండికట్టు వేసి కాలును బిగించివేయడం ఇప్పుడు మంచిదనుకోవడం లేదు.

రిపోర్టులోని మిగతా మాటల విషయంలో ఒక సంగతి చెప్పాలి. నలభై దాటినవారి మోకాళ్లకు ఎమ్మారై తీస్తే, ఏ నొప్పీ లేనివారిలో కూడా మెనిస్కస్ అరుగుదల తరచూ కనిపిస్తుంది. దశాబ్దాలపాటు మడిలో వంగి, బరువులు మోసిన మనిషి మోకాలిలో అది కనిపించకపోతేనే వింత. దానికి ఆపరేషన్ అక్కరలేదు. ఏసీఎల్ చిరుగు కొంత మేరకే ఉండి, డాక్టరు చేత్తో లాగినప్పుడు మోకాలు నిలకడగా ఉంటే దానికీ అక్కరలేదు. రిపోర్టుకు కాక మనిషికి వైద్యం చేయమని అడిగే హక్కు మీకు ఉంది.

మీ అమ్మగారి చేత చేయించవలసినవి చెబుతాను. మంచం మీద కాలు చాపి కూర్చోబెట్టి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి అయిదు లెక్కపెట్టేదాకా ఉంచమనండి. పది పదిహేనుసార్లు, రోజుకు మూడు విడతలుగా చేయాలి. రెండో వారం నుంచి కుర్చీలో కూర్చొని, చేతుల సాయం లేకుండా లేవడం, తిరిగి నెమ్మదిగా కూర్చోవడం మొదలుపెట్టవచ్చు. కూర్చునేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా చూడండి. లోపలి పక్క లిగమెంటు మీద భారం పడేది ఆ వాలుతోనే. మళ్లీ పొలానికి ఎప్పుడు వెళ్లాలన్నదానికి తేదీ కంటే పరీక్ష మేలు. ముందు మెట్లు నొప్పి లేకుండా ఎక్కి దిగగలగాలి, తరువాత సన్నటి గట్టు మీద బ్రేస్ లేకుండా తూలకుండా నడవగలగాలి. ఆ తరువాతే బురద మడి. మొదటి రోజుల్లో నారు కట్టలు కట్టడం వంటి గట్టు మీది పనులు చేసి, నారు కట్టలు నెత్తిన పెట్టుకొని బురదలో నడవడం వేరేవారికి వదిలివేయనివ్వండి. కూలి రాబడి పోతుందన్న ఆత్రుతలో మూడో వారంలోనే మడిలో దిగినవారు ఆ ఏడాదంతా నొప్పితో తిరగడం నేను చూస్తూ ఉంటాను.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. కవిటి మండలంలో కొబ్బరి తోట ఉంది. నాలుగు నెలల క్రితం మోటారు సైకిల్ మీద నుంచి పడినప్పుడు మోకాలు వంగి ఉండగా, మోకాలి దిగువన ముంగాలు రోడ్డుకు బలంగా తగిలింది. పీసీఎల్ అనే లిగమెంటు తెగిందన్నారు. చదును నేల మీద నడవగలను గానీ మెట్లు దిగుతుంటే మోకాలి మీద నమ్మకం ఉండదు. మందుల షాపులో ఇచ్చే నొప్పి బిళ్ల రోజూ ఒకటి వేసుకుంటేనే తోటలో తిరగగలుగుతున్నాను. ఆపరేషన్ తప్పదా?

జవాబు: మీ ప్రశ్నలో మీరు అడిగిన విషయం కంటే అడగని విషయమే నన్ను కలవరపెట్టింది కనుక ముందు దాని గురించి చెబుతాను. మీరు ఉద్దానంలో ఉన్నారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బు ఏ స్థాయిలో ఉందో మీకు నేను చెప్పనక్కరలేదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి బిళ్లలు మూత్రపిండాలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో పనిచేసి, ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో వేసుకుంటే ఆ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. ఇప్పటికే మూత్రపిండాలు బలహీనపడి ఉంటే, మనిషికి ఏమీ తెలియకుండానే అవి దిగజారిపోతాయి. నాలుగు నెలలుగా రోజుకొకటి అంటే చిన్న మాట కాదు. ఆ బిళ్ల ఈ రోజే ఆపి, ఈ వారంలోనే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను పరీక్ష చేయించుకోండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే. నొప్పి ఓర్చుకోలేనప్పుడు డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వాడుకోవడం మూత్రపిండాలకు చాలావరకు భద్రం. పేరు, మందు వివరాలు లేని పొట్లాల్లో అమ్మే కీళ్ల నొప్పుల పొడులను ముట్టుకోవద్దు. వాటిలో ఇవే నొప్పి మందులు, స్టెరాయిడ్లు కలిపి ఉండవచ్చు.

ఇక మోకాలు. పీసీఎల్ ఏసీఎల్‌కు వెనకనున్న జంట లిగమెంటు. ఇది మరింత దృఢమైనది. కింది ఎముక వెనక్కు జరిగిపోకుండా ఆపుతుంది. వంగిన మోకాలి కింద ముందువైపు దెబ్బ తగిలితే కింది ఎముక వెనక్కు నెట్టుకుపోయి ఇది తెగుతుంది. మీకు జరిగింది సరిగ్గా అదే. మెట్లు దిగేటప్పుడు, ఏటవాలు నేల మీద దిగేటప్పుడు ఆ వెనక్కు జారే ధోరణి ఎక్కువ కనుకనే నమ్మకం చాలడం లేదు. పీసీఎల్ ఒక్కటే తెగి, పక్క లిగమెంట్లు బాగుంటే, చాలామందికి ఆపరేషన్ లేకుండానే పని జరిగిపోతుంది. ఏసీఎల్ కంటే దీనికి అతుక్కునే గుణం ఎక్కువ, అయితే కొంచెం సాగి వదులుగా అతుక్కుంటుంది. ఆ వదులును పూరించేది తొడ ముందు కండరం. అది కింది ఎముకను ముందుకు లాగి పట్టుకుంటుంది. అందుకే మీ వ్యాయామాలన్నీ ముందు దాని మీదే ఉండాలి. మోకాలిని బరువుకు ఎదురుగా వెనక్కు మడిచే వ్యాయామాలు ఎముకను వెనక్కు లాగుతాయి కనుక ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా వాటి జోలికి పోవద్దు. మెట్లు దిగేటప్పుడు చేయి ఆసరా పట్టుకొని, దెబ్బ తగిలిన కాలును ముందు దించి, బాగున్న కాలి మోకాలి మీద బరువు ఉంచండి. మూడు నెలలు క్రమంగా వ్యాయామం చేసినా నిలకడ రాకపోతే, లేదా బయటి పక్క లిగమెంటు కూడా తెగిందని పరీక్షలో తేలితే, ఆపరేషన్ గురించి మాట్లాడవలసి వస్తుంది. అప్పటివరకు చెట్టు ఎక్కే ఆలోచన పెట్టుకోకండి.

ప్రశ్న: విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను, వయసు 19. కబడ్డీలో రైడర్‌ని. ఏసీఎల్ తెగితే తొడ వెనక నరంతో ఆపరేషన్ చేశారు. ఇప్పటికి అయిదు నెలలు. నొప్పి లేదు, వాపు లేదు, మైదానం చుట్టూ తేలిగ్గా పరుగెత్తుతున్నాను. వచ్చే నెలలో కళాశాలల పోటీలు ఉన్నాయి. మా కోచ్ గారు ‘నీకు అనిపిస్తే ఆడు’ అన్నారు. ఆడవచ్చా?

జవాబు: ఆడకూడదమ్మా. కోచ్ గారు మీ మీద అభిమానంతోనే అని ఉంటారు కానీ, మీకు ఏమనిపిస్తోందన్నది ఇక్కడ నమ్మదగిన కొలమానం కాదు. తొడ వెనక నుంచి తీసి అమర్చిన నరం మొదటి నెలల్లో తన పాత కణాలను పోగొట్టుకుంటుంది. దానిలోకి కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు చేరి, అది లిగమెంటు స్వభావాన్ని సంతరించుకోవడానికి ఏడాది, అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది. నొప్పి పోవడానికీ ఈ మార్పు పూర్తికావడానికీ సంబంధం లేదు. అందువల్ల అయిదో నెలలో మోకాలు బాగుందనిపించడం, లోపల నరం మాత్రం ఇంకా సిద్ధంగా లేకపోవడం, రెండూ ఒకేసారి నిజమే.

నార్వే, అమెరికా వైద్యులు కలిసి చేసి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఆపరేషన్ తరువాత తొమ్మిదో నెల వరకు ఆటకు తిరిగి వెళ్లడాన్ని వాయిదా వేసిన ప్రతి నెలకూ మోకాలికి మళ్లీ గాయమయ్యే అవకాశం సుమారు సగానికి తగ్గింది. 25 ఏళ్ల లోపువారు ఏసీఎల్ ఆపరేషన్ తరువాత ఆటకు తిరిగివెళితే, ఆ కాలిలోనో రెండో కాలిలోనో మళ్లీ ఏసీఎల్ తెగినవారు నూటికి సుమారు 23 మంది అని వేర్వేరు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. ఒక్క టోర్నమెంటు కోసం ఇంత పందెం కాయవద్దు.

తొమ్మిది నెలలు నిండినంత మాత్రాన కూడా సరిపోదు. ఫిజియోథెరపిస్టు మీ రెండు తొడల బలాన్ని కొలిచి, ఆపరేషన్ అయిన కాలి బలం రెండోదానిలో కనీసం 90 శాతం ఉందో లేదో చూడాలి. ఒంటికాలితో ఒక్క గెంతు, వరసగా మూడు గెంతులు వేయించి, దూరాలను రెండో కాలితో పోల్చాలి. దూరం కంటే ముఖ్యమైనది దిగే తీరు. మీ స్నేహితురాలి చేత సెల్‌ఫోన్‌లో ఎదురుగా నిలబడి వీడియో తీయించి నెమ్మదిగా చూడండి. చిన్న బల్ల మీద నుంచి దూకి దిగినప్పుడు మోకాళ్లు పాదాలకు నేరుగా పైన ఉంటే సరే. లోపలికి, ఒకదాని వైపు ఒకటి వాలుతుంటే, మీ మొదటి గాయానికి కారణమైన అలవాటు ఇంకా పోలేదని అర్థం. ఒకే ఆట ఆడే అబ్బాయిలతో పోలిస్తే అమ్మాయిల్లో ఏసీఎల్ తెగడం రెండు మూడు రెట్లు ఎక్కువ కావడానికి చెప్పే కారణాల్లో ఈ దిగే తీరు ఒకటి. ఇది సాధనతో మారుతుంది. వారానికి రెండు మూడుసార్లు, ఆటకు ముందు పదిహేను ఇరవై నిమిషాలు దూకి దిగడం, ఒంటికాలి నిలకడ, తొడ వెనక కండరాల వ్యాయామాలు క్రమంగా చేయిస్తే ఈ గాయాలు గణనీయంగా తగ్గుతాయని రుజువైంది. ఈ మాట మీ కోచ్ గారికి చూపించండి, మీ జట్టు మొత్తానికి ఉపయోగం.

కబడ్డీకి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. రైడర్ చీలమండ పట్టుబడి, పాదం మ్యాట్‌కు అంటుకొని ఉండగా శరీరాన్ని గీత వైపు తిప్పి లాగుతుంది. ఏసీఎల్ తెగడానికి ఇంతకంటే అనువైన భంగిమ లేదు. మట్టి మీద అయితే పాదం కొంత జారుతుంది, మ్యాట్ మీద బూటు పట్టేస్తుంది. కాబట్టి తొమ్మిది నెలల తరువాత కూడా మొదట ఒంటరి పరుగులు, తరువాత మలుపులు, ఆ తరువాత ఎవరూ పట్టుకోని రైడ్, చివరిగా పూర్తి పట్టుతో రైడ్, ఈ వరసలో వెళ్లాలి.

బరువులు ఎత్తితే ఆడపిల్లకు ఒళ్లు గట్టిపడుతుందని మీ ఇంట్లో అంటున్నారని ఉత్తరం చివర రాశారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్య పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. మీ జిల్లాలోనే నెల్లిమర్ల మండలం కొండవెలగాడ ఆడపిల్లలు ఏళ్ల తరబడి బరువులెత్తుతున్నారు. ఈ నేల మీద ఆ అభ్యంతరం ఎవరూ చెప్పకూడదు. మీ మోకాలికి మందు ఆ బరువుల గదిలోనే ఉంది.

ప్రశ్న: చీపురుపల్లిలో కిరాణా షాపు ఉంది, వయసు 34. వచ్చే వారం ఏసీఎల్ ఆపరేషన్. మా ఇంట్లో నేల మరుగుదొడ్డే ఉంది. భోజనం, పూజ నేల మీదే. ఎప్పటినుంచి కూర్చోవచ్చు? బండి ఎప్పుడు నడపవచ్చు? మోకాలి చిప్ప కింది నరం తీస్తామన్నారు, ఫరవాలేదా?

జవాబు: ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను. చిప్ప కింది నరం గట్టిదే, ఆటగాళ్లకు దాన్ని ఎంచుకునే శస్త్రవైద్యులు ఎందరో ఉన్నారు. కానీ దాన్ని తీసినవారిలో మోకాళ్ల మీద ఆనినప్పుడు ముందు భాగాన నొప్పి మిగిలిపోవడం ఎక్కువ. రోజూ నేల మీద మోకరిల్లే అలవాటు, షాపులో కింది అరల కోసం మోకాళ్ల మీద కూర్చునే పని ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి, తొడ వెనక నరం వాడవచ్చేమో అడగండి. మీ దినచర్య తెలియనిదే ఆయన ఎంపిక చేయలేరు.

మరుగుదొడ్డికి ఎత్తు కుర్చీ ఒకటి, అంటే మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ, ఆపరేషన్‌కు ముందే కొని పెట్టుకోండి. గొంతుక్కూర్చోవడం, మఠం వేసుకోవడం మూడు నాలుగు నెలల దాకా వద్దు. మెనిస్కస్‌కు కూడా కుట్లు వేస్తే ఆ గడువు ఆరు నెలల వరకు వెళ్లవచ్చు. ఆపరేషన్ గదిలో మెనిస్కస్‌కు ఏం చేశారో బయటకు రాగానే అడిగి రాసిపెట్టుకోండి. మీరు ఎప్పుడు నేల మీద కూర్చోవచ్చన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆరోగ్య పథకం కార్డు ఉంటే, మీ ఆపరేషన్ దాని పరిధిలోకి వస్తుందో లేదో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో చేరకముందే తేల్చుకోండి.

ఇంటికి వచ్చాక చాలామంది సుఖంగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టుకొని పడుకుంటారు. అది చేయకండి. మోకాలు కొంచెం వంగిన స్థితిలోనే బిగుసుకుపోయి, పూర్తిగా చాచడానికి రాకుండా పోతుంది. ఆ తరువాత నడకలో కుంటుతనం నిలిచిపోతుంది. దిండు మడమ కింద పెట్టి, మోకాలిని గాలిలో వదిలి, దాని బరువుకు అదే చాచుకునేలా రోజుకు నాలుగైదుసార్లు పది నిమిషాలపాటు ఉంచండి. వాపుకు మంచుగడ్డను తడి గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టవచ్చు, చర్మానికి నేరుగా తగలనివ్వకూడదు. పిక్క గట్టిపడి నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. జ్వరంతో మోకాలు ఎర్రబడి, వేడెక్కి, కుట్ల నుంచి చీము వచ్చినా అంతే ప్రమాదం. వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

బండి విషయంలో ఆపరేషన్ ఏ కాలికన్నది చూడాలి. ఎడమకాలయితే గేరు, కుడికాలయితే వెనక బ్రేకు ఆ కాలి పనే. ఆగినప్పుడు బండి బరువు మొత్తం ఏదో ఒక కాలి మీద పడుతుంది. సాధారణంగా ఆరు వారాల తరువాతే ఆలోచించాలి. నొప్పి బిళ్ల వేసుకోకుండా, చేతి కర్ర లేకుండా నడుస్తూ, ఆపరేషన్ అయిన కాలి మీద ఒంటరిగా పది సెకన్లు నిలబడగలిగినప్పుడు, ముందు ఆగి ఉన్న బండి మీద కూర్చొని బ్రేకు గట్టిగా నొక్కి చూడండి, బండిని ఆ కాలి వైపు కొంచెం వాల్చి ఆపుకోగలుగుతున్నారో లేదో కూడా చూడండి. అది నొప్పి లేకుండా చేయగలిగితే మీ డాక్టరును అడిగి ఊళ్లో దగ్గరి దూరాలకు మొదలుపెట్టవచ్చు. సరుకుల మూటలు కట్టుకొని విజయనగరం వెళ్లి రావడం మాత్రం మూడో నెల దాటాకే.